కొండకు రెండు ఇడ్లీలు, గాలికి ఇరవై

విశాఖపట్నం నుంచి శ్రీకాకుళం జిల్లా బారువ దాకా, సముద్రాన్ని కుడిచేతి పక్కన పెట్టుకుని సైకిల్ మీద వెళ్లాలని ఉందని ఎవరైనా అంటే, వెంటనే వచ్చే ప్రశ్నలు రెండు. ఎన్ని కిలోమీటర్లు? రుషికొండకూ భీమిలికీ మధ్య ఉన్న ఆ ఎత్తుపల్లాలు తొక్కగలమా? రెండూ అడగవలసినవే. కానీ ప్రయాణం ఎన్ని రోజులు పడుతుందో, మూడో రోజుకు మీ కాళ్లు ఎలా ఉంటాయో తేల్చేవి ఇవి కావు. దారికి అడ్డంపడే నదులు, ఎదురొచ్చే గాలి తేలుస్తాయి. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

ముందు దూరం. పటం మీద ఆర్కే బీచ్ నుంచి బారువకు స్కేలు పెట్టి గీత గీస్తే 190 కిలోమీటర్లకు కాస్త తక్కువ వస్తుంది. జాతీయ రహదారి 16 పట్టుకుని పోతే 200 దాటుతుంది. తీరం వెంబడి పల్లెలను కలుపుకుంటూ పోయే దారి తిన్నగా ఉండదు. ఒక పాలెం నుంచి ఇంకో పాలేనికి మెలికలు తిరుగుతూ పోతుంది. ఆ మెలికల కోసం గీత పొడవుకు ఐదో వంతు కలుపుకోవడం మంచిది. అప్పటికి 225 అయింది. నదుల దగ్గర చుట్టు తిరగడానికి ఇంకో 75 కలపండి. మొత్తం 300. ఐదు రోజులకు పంచితే రోజుకు 60.

ఆ 75 ఎక్కడిది అన్నదే అసలు సంగతి. ఈ దారిలో ముఖ్యంగా నాలుగు నదులు అడ్డొస్తాయి. భీమిలి దగ్గర గోస్తని, కోనాడ దగ్గర చంపావతి, కళ్లేపల్లి దగ్గర నాగావళి, కళింగపట్నం దగ్గర వంశధార. నది సముద్రంలో కలిసే చోటును పత్రికల్లో ముఖద్వారం అని రాస్తారు, తీరంలో మత్స్యకారులు మొగ అంటారు. మొగ దగ్గర నిలబడితే అవతలి ఒడ్డున ఆరేసిన వలలు కూడా కనిపిస్తాయి. అక్కడికి చేరాలంటే మాత్రం వంతెన ఉన్నచోటి దాకా లోపలికి వెళ్లి, నది దాటి, అంత దూరమూ తిరిగి రావాలి. వంతెన ఎంత లోపల ఉంటే దానికి రెట్టింపు అదనం.

హైవే వంతెనలనే లెక్కలోకి తీసుకుందాం, ఎందుకంటే అవి ఖాయంగా ఉంటాయి. గోస్తనిని హైవే తగరపువలస దగ్గర దాటుతుంది. భీమిలి నుంచి అది ఐదారు కిలోమీటర్లు, కాబట్టి రానూపోనూ పది పైన. చంపావతికి ఎనిమిది లోపలికి, ఎనిమిది బయటికి వేసుకుంటే 16. నాగావళి వంతెనలు శ్రీకాకుళం పట్టణంలో ఉన్నాయి. మొగకు అది పదీ పన్నెండు కిలోమీటర్లు, కాబట్టి 20 దాటింది. వంశధారను హైవే మడపాం దగ్గర దాటుతుంది. కళింగపట్నం నుంచి రోడ్డు లెక్కన పదిహేను కిలోమీటర్ల పైమాటే, అంటే 30. నాలుగూ కలిపితే సుమారు 75. మధ్యలో ఎక్కడైనా దగ్గరి వంతెన దొరికితే ఆ మేరకు మిగులు. తీరంలో కొత్త రోడ్ల పనులు జరుగుతూనే ఉన్నాయి కాబట్టి బయలుదేరేముందు తాజా పటం చూసుకోండి, ముందు రాత్రి బస చేసిన ఊళ్లో కూడా ఒకమాట అడగండి. వంశధార దగ్గరి 30 కిలోమీటర్లంటే గాలి లేని రోజున రెండు గంటల తొక్కుడు. అవతల కనిపిస్తున్న ఒడ్డు కోసం రెండు గంటలని ముందే తెలిసి ఉంటే చిరాకు సగం తగ్గుతుంది.

మొగ మీదే వంతెన ఎందుకు కట్టరు? మొగ ఒకచోట స్థిరంగా ఉండదు. సంవత్సరంలో ఎక్కువ కాలం అలలు దక్షిణం వైపు నుంచి ఏటవాలుగా వచ్చి తీరాన్ని తాకుతుంటాయి. వాటితోపాటు ఇసుక ఉత్తరానికి జరుగుతూ ఉంటుంది. నదిలో నీళ్లు తగ్గిన నెలల్లో ఆ ఇసుక మొగకు అడ్డంగా మేట వేస్తుంది. వరద వచ్చినప్పుడు నది ఆ మేటను కోసుకుని కొత్తచోట దారి చేసుకుంటుంది. ఈ ఏడు నీళ్లు పారిన చోట వచ్చే ఏడు ఇసుక తిన్నె ఉండవచ్చు. పునాదికి గట్టి నేల, దాటడానికి తక్కువ వెడల్పు కావాలంటే ఇంజనీర్లు లోపలికే వెళ్లాలి.

పడవ మీద దాటవచ్చు కదా అంటారు. నది ప్రశాంతంగా ఉన్న రోజున, స్థానికులు రోజూ దాటే రేవులో, లైఫ్ జాకెట్ ఉంటే దాటవచ్చు. కానీ మీ ప్రణాళికను పడవ మీద ఆధారపడేలా వేసుకోకండి. వేటకు వెళ్లే పడవ మీ కోసం ఆగదు, ఆగమనడం న్యాయమూ కాదు. మేట వేసిన మొగలో నీళ్లు మోకాలిలోతే ఉన్నట్టు కనిపించినా, సైకిల్ భుజాన వేసుకుని నడిచి దాటే ప్రయత్నం అసలు చేయకండి. పాటు సమయంలో, అంటే సముద్రం వెనక్కి తగ్గేటప్పుడు, నదిలో నిలిచిన నీళ్లన్నీ ఆ ఇరుకు సందులోంచే బయటికి లాగేస్తాయి.

చుట్టు తిరిగే ఆ దూరం దండగ అని కూడా అనుకోనక్కర్లేదు. నాగావళి కోసం శ్రీకాకుళం వచ్చినవారికి అరసవల్లి సూర్యదేవాలయం పట్టణం అంచునే ఉంది. అక్కడి నుంచి కళింగపట్నం వెళ్లేటప్పుడు, రెండు నదుల మధ్య మాగాణిలో శ్రీకూర్మం తగులుతుంది. కళింగపట్నం నుంచి వంశధార దక్షిణపు గట్టునే ఐదారు కిలోమీటర్లు లోపలికి వస్తే శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలు, చైత్యాల శిథిలాలు ఉన్నాయి. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులే 1919లో ఆ శిథిలాలను గుర్తించి లోకానికి చెప్పారు. పైనుంచి చూస్తే వంశధార మలుపు మొత్తం కనిపిస్తుంది. మీరు ఎందుకింత చుట్టు తిరిగారో ఆ కొండ మీద అర్థమవుతుంది.

ఇక కొండల భయం. విశాఖ నుంచి భీమిలి దాకా సుమారు 30 కిలోమీటర్లు బీచ్ రోడ్డు. కైలాసగిరి దాటాక రుషికొండ, అక్కడ హోటళ్లు, రిసార్టులు, 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన బీచ్. ఆ తర్వాత ఎడమచేతి వైపు తొట్లకొండ, కుడివైపు మంగమారిపేట శిలాతోరణం, ఇంకా ముందుకు వెళితే ఎర్రమట్టి దిబ్బలు. రోడ్డు లేచి దిగుతూ ఉంటుంది కానీ పెద్ద ఎక్కుడేమీ కాదు. మీకు బౌద్ధారామం చూడాలని ఉండి తొట్లకొండ ఎక్కితే మాత్రం సముద్రమట్టం నుంచి 128 మీటర్లు పైకి వెళ్లినట్టు. దాని ఖరీదు చూద్దాం.

మనిషి 65 కిలోలు, సైకిల్, సామాను కలిపి 20 కిలోలు, మొత్తం 85 కిలోలు అనుకోండి. దీన్ని 128 మీటర్లు పైకెత్తడానికి పెడలు మీద పడాల్సిన శక్తి సుమారు 25 కిలోకాలరీలు. కిలోకాలరీ అంటే ఆహారంలోని శక్తిని కొలిచే కొలత, బిస్కెట్ ప్యాకెట్ వెనక రాసి ఉండేది అదే. మన ఒళ్లు తిన్నదాంట్లో నాలుగో వంతుకు కాస్త తక్కువనే పనిగా మార్చగలదు, మిగిలింది వేడిగా పోతుంది. కాబట్టి 25 ఖర్చుకు 105 దాకా తినాలి. చిన్న ఇడ్లీ ఒకటికి సుమారు 50 కిలోకాలరీలు. తొట్లకొండ ఖరీదు రెండు ఇడ్లీలు. ఎక్కడం కష్టంగా అనిపిస్తే దిగి నడిపించుకుంటూ వెళ్లండి, ఖర్చు దాదాపు అంతే, కాస్త ఆలస్యం అవుతుంది.

ఇప్పుడు గాలి. చదునైన రోడ్డు మీద, గాలి లేనప్పుడు, గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళ్లడానికి కాళ్లు సుమారు 53 వాట్లు ఇవ్వాలి. వాట్ అంటే పని జరిగే వేగం. ఇంట్లో పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు తీసుకుంటుంది, ఇది అంతకన్నా తక్కువే. ఆరోగ్యంగా ఉండి, కొంత అలవాటు చేసుకున్న ఎవరైనా గంటల తరబడి ఇవ్వగలరు. అదే రోడ్డు మీద, అదే వేగంతో వెళ్తున్నప్పుడు గంటకు 15 కిలోమీటర్ల గాలి ఎదురొస్తే? ఒంటికి తగిలే గాలి వేగం రెట్టింపై 30 అవుతుంది. గాలి అడ్డుకునే బలం వేగంతో సమానంగా పెరగదు, వేగం రెట్టింపయితే బలం నాలుగింతలవుతుంది. లెక్క వేస్తే 128 వాట్లు కావాలి. అంటే 75 వాట్లు అదనం, సైకిల్ తొక్కుతూనే ఇంట్లో ఒక ఫ్యాన్ కూడా మీ కాళ్లతో తిప్పుతున్నట్టు.

రోజుకు 60 కిలోమీటర్లు, గంటకు 15 చొప్పున నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలూ ఎదురుగాలిలో వేగం తగ్గకుండా తొక్కితే అదనంగా ఖర్చయ్యేది వెయ్యి కిలోకాలరీల పైమాట, ఇరవై ఇడ్లీలు. అందరూ భయపడే కొండ రెండు ఇడ్లీలతో తీరిపోయింది. ఎవరూ అడగని గాలి ఇరవై తీసుకుంది. కొండకు శిఖరం ఉంటుంది, ఎక్కిన తర్వాత దిగేటప్పుడు కొంత తిరిగొస్తుంది. గాలి సాయంత్రం దాకా వీస్తూనే ఉంటుంది.

నిజానికి ఎవరూ ఆ వేగంతో తొక్కరు, కాళ్లు ఇవ్వగలిగినంతే ఇస్తాయి. అదే 53 వాట్లతో ఎదురుగాలిలో వెళ్తే వేగం గంటకు 9 కిలోమీటర్ల దగ్గరికి పడిపోతుంది. 60 కిలోమీటర్లకు ఆరు గంటల నలభై నిమిషాలు. గాలి వెనక నుంచి వస్తే 23 కిలోమీటర్ల వేగం, రెండున్నర గంటల పైన కొద్ది నిమిషాలు. ఒకే మనిషి, ఒకే సైకిల్, ఒకే రోడ్డు. దిక్కు మారితే రోజుకు నాలుగు గంటల తేడా. వెళ్లేటప్పుడు ఎదురైనా వచ్చేటప్పుడు సాయం చేస్తుంది కదా, చెల్లుకు చెల్లు అనుకోవచ్చా? కుదరదు. ఎదురుగాలిలో పోగొట్టుకున్నది రెండు గంటల నలభై నిమిషాలు, వెనక గాలితో మిగిలేది గంటన్నరకు లోపే.

అందుకే ఎటు నుంచి ఎటు వెళ్లాలన్నది ఏ నెలలో వెళ్తున్నామన్న దాన్ని బట్టి తేల్చుకోవాలి. ఈ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. నవంబరు, డిసెంబరుల్లో ఈశాన్యం వైపు నుంచి వీచే గాలులే ఎక్కువ. అప్పుడు విశాఖ నుంచి బయలుదేరితే ఐదు రోజులూ గాలికి ఎదురీదాలి. ముందే రైల్లో పలాస వెళ్లిపోయి, అక్కడి నుంచి బారువ చేరుకుని, విశాఖకు తొక్కుకుంటూ రండి. ఫిబ్రవరి వచ్చేసరికి గాలి తిరిగి ఎక్కువగా నైరుతి వైపు నుంచి వీస్తుంది. అప్పుడు విశాఖ నుంచి ఉత్తరానికి. జనవరి సంధికాలం, ముందురోజు వాతావరణ సూచనలో గాలి దిక్కు చూసుకుని నిర్ణయించుకోవాలి. అక్టోబరు నుంచి నవంబరు చివరి దాకా తుపానుల ముప్పు ఎక్కువ. హుద్‌హుద్ విశాఖను తాకింది 2014 అక్టోబరు 12న, తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది 2018 అక్టోబరు 11న. నన్నడిగితే డిసెంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి ఆఖరు వరకు మంచి కాలం.

రోజులోనూ గాలికి వేళలున్నాయి. పొద్దెక్కేకొద్దీ నేల సముద్రం కన్నా త్వరగా వేడెక్కుతుంది. నేల మీది వేడిగాలి పైకి లేస్తే ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. ఉదయం పదకొండు ప్రాంతంలో మొదలై మధ్యాహ్నానికి బలపడుతుంది. ఇది తీరానికి అడ్డంగా వీస్తుంది కాబట్టి పూర్తి ఎదురుగాలి కాదు, కానీ హ్యాండిల్‌ను పక్కకు తోస్తూ అలసట పెంచుతుంది. తెల్లవారకముందే లేచి, వెలుగు రాగానే బయలుదేరి, పదకొండుకల్లా ఆ రోజు దూరంలో ముప్పాతిక వంతు పూర్తి చేయడం ఈ తీరంలో నేర్చుకోవలసిన మొదటి అలవాటు. డిసెంబరులో ఇక్కడ సాయంత్రం ఐదున్నరకే సూర్యుడు అస్తమిస్తాడు. మధ్యాహ్నం మీద ఆశపెట్టుకుంటే హైవే మీద చీకటి పడుతుంది. లారీల మధ్య, మార్జిన్ మీద, చీకట్లో తొక్కడం ఎవరికీ వద్దు.

వాతావరణ శాఖ మత్స్యకారులకు ఇచ్చే హెచ్చరిక మీకు కూడా వర్తిస్తుంది. గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల గాలులు అని ఉంటే, ఎదురుగా 15 వేగంతో వెళ్లే సైకిల్‌కు తగిలేది 60. గాలి లేని రోజుతో పోలిస్తే నాలుగింతల వేగం, పదహారింతల బలం. ఆ రోజు సైకిల్ కదలదు, కదిలించకూడదు కూడా.

నీళ్ల లెక్క చిన్నదే కానీ తప్పితే ప్రమాదం. తీరపు ఉక్కలో గంటకు ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా చెమట పోతుంది. ఐదు గంటలకు నాలుగైదు లీటర్లు. లీటరు చెమటతోపాటు పోయే ఉప్పు సుమారు అర టీస్పూను. వట్టి నీళ్లే లీటర్ల కొద్దీ తాగితే తల తిరుగుతుంది, కండరాలు పట్టేస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారయ్యే ఓఆర్ఎస్ ప్యాకెట్‌లో లీటరుకు 2.6 గ్రాముల ఉప్పు ఉంటుంది, దాదాపు అదే అర టీస్పూను. రోజుకు రెండు ప్యాకెట్లు, మధ్యలో ఉప్పు వేసిన మజ్జిగ. బారువ వైపు ఉన్న ఉద్దానం ప్రాంతంలోకి వచ్చాక కొబ్బరి బోండాలకు కొదవ ఉండదు. అయితే బోండం నీళ్లలో పొటాషియం ఎక్కువ, ఉప్పు తక్కువ, కాబట్టి దాన్నే నమ్ముకోకండి. రక్తపోటుకు, కిడ్నీలకు మందులు వాడేవాళ్లు ఉప్పు విషయం ముందుగా డాక్టరును అడిగి తేల్చుకోవాలి.

సైకిల్ ఏది కావాలి? గేర్లున్నది అయితే ఎదురుగాలిలో కాళ్లు బతుకుతాయి. ఖరీదైనది అక్కర్లేదు. టైరు వెడల్పు 35 మిల్లీమీటర్లకు తగ్గకపోతే పాలెంల మధ్య ఇసుక పేరుకున్న రోడ్ల మీద జారదు.

ఇసుక మీదే తొక్కుకుంటూ పోవచ్చా అని కుర్రవాళ్లు తప్పకుండా అడుగుతారు. పౌర్ణమి, అమావాస్యలకు విశాఖ తీరంలో పోటుకూ పాటుకూ తేడా 1.4 మీటర్ల దాకా ఉంటుంది, అంటే పదేళ్ల పిల్లవాడి ఎత్తు. బీచ్ వాలు ఇరవైకి ఒకటి ఉంటే ఆ తేడాకు 28 మీటర్ల వెడల్పున తడి ఇసుక బయటపడుతుంది. అది గట్టిగా ఉంటుంది, సైకిల్ నడుస్తుంది. కానీ పోటు పాటుల వేళలు రోజుకు 50 నిమిషాల చొప్పున జరుగుతుంటాయి. నిన్న ఏడింటికి దొరికిన ఇసుక ఈ రోజు దాదాపు ఎనిమిదింటికి గానీ దొరకదు. పైగా ఉప్పునీళ్లు గొలుసును తినేస్తాయి. ఇసుక మీద తొక్కిన రోజు రాత్రి మంచినీళ్లతో కడిగి, తుడిచి, నూనె వేయకపోతే తెల్లారేసరికి తుప్పు కనిపిస్తుంది.

పొడి ఇసుక మీదికి మాత్రం చక్రం ఎక్కించకండి. జనవరి నుంచి మార్చి దాకా శ్రీకాకుళం తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒక్కో గూటిలో వంద పైచిలుకు గుడ్లు, పొదగడానికి 45 నుంచి 60 రోజులు. అలలు అందని పొడి ఇసుకలోనే ఆ గూళ్లు ఉంటాయి, పైనుంచి చూస్తే ఆనవాలు తెలియదు. రాత్రి బీచ్ మీద టార్చిలైట్లు కూడా వద్దు. పిల్లలు గుడ్డులోంచి బయటికి రాగానే వెలుగు ఎటుంటే అటు నడుస్తాయి. వాటికి సముద్రం దారి చూపే వెలుతురును మనం చెడగొట్టకూడదు.

ఎర్రమట్టి దిబ్బల విషయంలోనూ అంతే, సైకిల్ రోడ్డు పక్కన ఆపి నడిచి చూడండి. సుమారు ఇరవై వేల ఏళ్ల కిందట, భూమి మీద మంచు విపరీతంగా పేరుకున్న కాలంలో, సముద్రమట్టం ఇప్పటికన్నా 120 మీటర్ల దాకా కిందికి దిగింది. ఇప్పుడు నీళ్లకింద ఉన్న ఇసుక అప్పుడు బయటపడి, గాలికి కొట్టుకొచ్చి ఇక్కడ పేరుకుందని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. ఆ రేణువులకు పట్టిన ఇనుప ఆక్సైడు, అంటే ఒకరకం తుప్పు, వాటికి ఆ రంగునిచ్చింది. ఇలాంటి ఎర్ర ఇసుక మేటలు దక్షిణాసియాలో ఇంకా తమిళనాడులో, శ్రీలంకలో మాత్రమే ఉన్నాయి. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా 2014లో వీటిని భూవారసత్వ స్థలంగా ప్రకటించింది, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి. గట్టిగా అతుక్కోని ఇసుక అది. ఒక చక్రపు గాడి పడితే తర్వాతి వానకు అదే కాలువ అవుతుంది. ఇప్పటికే చుట్టూ కట్టడాలు పెరిగి దిబ్బలు చాలా కరిగిపోయాయి, మిగిలినవి మన పిల్లలు కూడా చూడాలి.

బస గురించి ఒక్కమాట. రుషికొండ నుంచి భీమిలి దాకా అన్ని ధరల్లో దొరుకుతుంది. భీమిలి దాటాక తీరం మీద దొరక్కపోవచ్చు. రాత్రుళ్లకు రణస్థలం, శ్రీకాకుళం, నరసన్నపేట, పలాస, సోంపేట లాంటి హైవే ఊళ్లను నమ్ముకోవాలి. నదుల కోసం ఎటూ లోపలికి రావాలి కాబట్టి, ఆ రాత్రి వంతెన ఉన్న ఊళ్లోనే ఉండేలా రోజులు పంచుకుంటే అదనపు దూరం పెద్దగా తగలదు. శ్రీకాకుళం ఇందుకు చక్కగా సరిపోతుంది.

మధ్యలో ఒంట్లో బాగోకపోతే? ఈ తీరానికి ఉన్న గొప్ప వసతి రైలు. హౌరా–చెన్నై మార్గం తీరానికి దాదాపు సమాంతరంగా పోతుంది. విజయనగరం, శ్రీకాకుళం రోడ్, నౌపడ, పలాస, సోంపేట, ఇచ్ఛాపురం, ఏదో ఒక స్టేషన్ ఎప్పుడూ ఒక పూట దూరంలోనే ఉంటుంది. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ మాత్రం పట్టణంలో కాక ఆమదాలవలసలో ఉంటుంది, పట్టణం నుంచి ఇంకో 13 కిలోమీటర్లు తొక్కాలి. సైకిల్‌ను పార్సిల్ ఆఫీసులో బుక్ చేస్తే లగేజీ వ్యాన్‌లో వస్తుంది. చిన్న స్టేషన్లలో రైలు ఒకటి రెండు నిమిషాలే ఆగుతుంది, వ్యాన్‌లోకి ఎక్కించడం కుదరదనే అవకాశం ఎక్కువ. పలాస, విజయనగరం, విశాఖ లాంటి పెద్ద స్టేషన్లలో బుక్ చేయండి. పెడళ్లు విప్పి సంచిలో వేసుకోండి, హ్యాండిల్ పక్కకు తిప్పి కట్టేయండి, పేరూ ఫోన్ నంబరూ రాసిన అట్టముక్క ఫ్రేముకు రెండుచోట్ల కట్టండి. రైలు వేళకు రెండు గంటల ముందు పార్సిల్ కౌంటర్ దగ్గర ఉండాలి.